అచ్చు మంచిదే, గ్యాసుకు మాత్రం వద్దు

సోదరులారా, యాన్బు క్యాంపుల్లో కూలర్ పంపు కింది రబ్బరో, డ్రెయిన్ పైపు వాషరో పోతే కంప్లయింటు రాసి వారాల తరబడి చూస్తాం. ఆ కాగితాలు ఫైల్లో పెట్టేది నేనే. అందుకే చెబుతున్నాను, మనమే చేసుకుందాం.

ఇటుక బట్టీలో పనిచేసిన అన్నలకు ఇది కొత్త కాదు. అచ్చులో ఇసుక చల్లకపోతే మట్టి అంటుకుంటుంది కదా. ఇక్కడ ఇసుకకు బదులు వాసెలిన్. బాగున్న వాషర్‌కు అది దండిగా రాసి, పెరుగులా చిక్కబడిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో పైకి మట్టంగా నొక్కండి. గట్టిపడ్డాక తీసేస్తే అచ్చు తయారు. బాగా ఆరనిచ్చి, ప్రతిసారీ వాసెలిన్ రాస్తే పగిలేదాకా పనికొస్తుంది.

వెనిగర్ వాసన వచ్చే ట్యూబు సిలికాన్ గాలిలోని తేమతో పైనుంచి గట్టిపడుతుంది, రోజుకు 2, 3 మిల్లీమీటర్లే. మందంగా పోస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపితే లోపలిదాకా తొందరగా పట్టుకుంటుంది. కిటికీ తెరిచి చేయండి, కళ్లు మండుతాయి.

మొన్న ఒకచోట ఈ రబ్బరే గ్యాసు రెగ్యులేటర్‌కు పెట్టారు! ఈ నాలుగు మాటలు రాయించింది అదే. సిలికాన్ గుండా గ్యాసు మెల్లగా దూరుతుంది, తగిలిన కొద్దీ అది ఉబ్బుతుంది కూడా. ఆ పొయ్యి పక్క గదిలో 8 మంది పడుకుంటారు. కుక్కర్‌కూ, తాగునీటి కుళాయికీ కూడా వద్దు. గ్యాసు వాషర్ కొట్లోనే కొనండి, గదిలో తలా కొంత వేసుకోండి. అచ్చును మాత్రం పెట్టెలో దాచకుండా పక్క గదివాళ్లకు ఇవ్వండి.