వెయ్యి బీడీలు, ముప్పై రెండు కదలికలు

హుస్నాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కాలు చెయ్యి పడిపోయిన మనిషిని చూడబోయినవాళ్లు ఇంటివాళ్లను రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు. ‘‘పసరు తాపిచ్చిండ్రా?’’ ‘‘కరెంటు పెట్టిచ్చిండ్రా?’’ మొదటి ప్రశ్న తాతల నాటిది. రెండోది ఫిజియోథెరపీ గదుల పుణ్యమా అని వచ్చింది. మోచేతి కింద ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. అది చూసి వెంట వచ్చినవాళ్ల ముఖాలు విచ్చుకుంటాయి. మిషన్ ఆపగానే చెయ్యి మళ్లీ ఒళ్లో వాలిపోతుంది. ఆ మిషన్ దండగని అనను. కానీ అది కదిలించేది కండను. చెడింది పైన, మెదడులో.

మరి మెదడుకే కరెంటు పెడితే? ఈ ఆలోచనతో నరాల వైద్యులు నలభై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద తీగచుట్ట పెట్టి, అయస్కాంత తరంగంతో పుర్రె తెరవకుండానే మెదడును తట్టి లేపవచ్చని చూపించింది. టీఎంఎస్ అనేది అక్కడ పుట్టింది. పక్షవాతంలో దీన్ని వాడటం వెనుక ఒక సిద్ధాంతం ఉంది. మెదడులో ఒక సగం దెబ్బతింటే బాగున్న సగం దానిపై పెత్తనం చేస్తుందని, ఆ పెత్తనాన్ని కాస్త అణిస్తే దెబ్బతిన్నది తేరుకుంటుందని. వినడానికి బాగుంటుంది. అన్నదమ్ముల భాగాల పంచాయితీలా వెంటనే అర్థమవుతుంది కూడా.

అమెరికాలో 199 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి అసలు తరంగాలు, కొందరికి ఉత్తుత్తి తీగచుట్ట. రెండు గుంపులకూ చేతి కసరత్తు ఒకే తీరుగా చేయించారు. అసలు తరంగాలు అందినవాళ్లలో 67 శాతం మంది చెప్పుకోదగ్గంతగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి తీగచుట్ట పెట్టినవాళ్లలో 65 శాతం. తేడా లేదు గనుక ప్రయోగం విఫలమైందన్నారు. నాకు మాత్రం ఆ 65 శాతమే పెద్ద వార్తగా కనిపిస్తుంది. జబ్బు చేసి మూడు నెలల నుంచి ఏడాది దాకా గడిచినవాళ్లు, ఏ తరంగమూ అందకుండా, పద్ధతిగా చేయించిన కసరత్తుతో ముగ్గురిలో ఇద్దరు ముందుకు కదిలారు. మన దగ్గర మూడో నెల దాటిందంటే ‘‘ఇగ గింతే’’ అనేస్తాం.

గెలిచిన ప్రయోగమూ ఒకటుంది. మెడలోంచి మెదడుకు పోయే వేగస్ నాడికి తీగ చుట్టి, కాలర్ ఎముక కింద చిన్న పరికరం అమర్చుతారు. రోగి చెయ్యి చాచే క్షణానికే థెరపిస్టు మీట నొక్కుతారు. ‘ఈ కదలికను గుర్తుపెట్టుకో’ అని మెదడుకు చెప్పడం లాంటిదన్నమాట. 108 మందిపై చేసిన ఈ పరిశోధన 2021లో లాన్సెట్‌లో వచ్చింది. ఉత్తేజం అందినవాళ్లలో 47 శాతం మందికి, అందనివాళ్లలో 24 శాతం మందికి చెయ్యి గుర్తించదగ్గంతగా మెరుగైంది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ పరికరానికి అనుమతి ఇచ్చింది. అయితే ఆరు వారాలు, వారానికి మూడుసార్లు, ఒక్కో విడతలో మూడు వందలకు పైగా కదలికలు చేయించాకే ఆ ఫలితం వచ్చింది. ఊరికే పడుకున్న చేతిని లేపే మీటను ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మూడు వందలు ఎక్కువా? మా ఉత్తర తెలంగాణలో ఈ లెక్క బీడీలు చేసే ఆడవాళ్లను అడగాలి. ఒళ్లో చాట. అందులో తడిపి కత్తిరించిన తునికాకు, ఓ పక్క తంబాకు. ఆకు తీసి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల నడుమ తిప్పి, కొస మడిచి, దారం చుట్టి పక్కన పడేస్తారు. కళ్లు టీవీ మీదుంటాయి, వేళ్లు ఆగవు. కూలి లెక్క వెయ్యికి. ఆ చెయ్యి అంత ఒడుపుగా ఎందుకు ఆడుతుందంటే వెయ్యిసార్లు చేసింది గనుక, మర్నాడు మళ్లీ వెయ్యిసార్లు చేస్తుంది గనుక. (పక్షవాతం తెచ్చే కారణాల్లో పొగాకూ ఒకటి. ఈ పోలిక తేవడం నాకే కొంత ఇబ్బందిగా ఉంది, ఇంతకన్నా మంచిది దొరకలేదు.)

ఇప్పుడు ఆస్పత్రి లెక్క చూడండి. అమెరికా, కెనడాల్లో మూడు వందల పైచిలుకు థెరపీ విడతలను కేథరిన్ లాంగ్ బృందం పక్కన కూర్చుని లెక్కపెట్టి 2009లో ప్రచురించింది. దాదాపు సగం విడతల్లో చేతితో పనికొచ్చే సాధనే లేదు. ఉన్న చోట సగటున 32 కదలికలు. రాండాల్ఫ్ నూడో 1996లో మెదడు దెబ్బతిన్న కోతులపై చేసిన ప్రయోగంలో, చిన్న గుంటల్లోంచి తిండి గింజలు తీయడం రోజుకు వందలసార్లు చేయించాక వాటి మెదడులో చేతికి సంబంధించిన భాగం కుంచించుకుపోకుండా నిలబడింది, కొన్నింటిలో విస్తరించింది కూడా. కోతికి వందలు, మనిషికి 32. అదీ ధనిక దేశాల్లో.

కసరత్తు అంటే రబ్బరు బంతి పిసకడమే కానక్కర్లేదు. ఆ చెయ్యి ఏ పని మరిగిందో ఆ పనే చేయించాలి. గీత కార్మికుడైతే మోకు ముడి వేయడం, లొట్టి పట్టుకోవడం. రైతైతే కొడవలి పిడి. చెప్పినంత తేలిక కాదు. భుజం జారకుండా, నొప్పి పుట్టకుండా, బిగుసుకున్న వేలును ఎంతవరకు లాగాలో తెలిసిన మనిషి పక్కనుండాలి.

చేతి సంగతి అటుంచితే, మనసు సంగతి ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో పక్షవాతంతో నమోదైన 608 మందిని డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం మందికి జబ్బు తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతానికే. జీవితమంతా ఒక భాషను అణిచి మరో భాషను పైకి తెచ్చే పని చేసిన మెదడు దెబ్బను ఎక్కువ కాచుకుంటుందని వారి వివరణ. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు.

ఈ పరిశోధన హైదరాబాద్‌లో జరగడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడ రెండు భాషలు చదువుతో వచ్చే హోదా కాదు, బతుకు. అందుకు భీమదేవరపల్లి మండలం వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావంతటి బహుభాషా పండితుడు కానక్కర్లేదు. ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు మాట్లాడే అక్కన్నపేట తండా అవ్వ చాలు. దుబాయిలో పదేళ్లు హిందీలో నెట్టుకొచ్చిన మేస్త్రీ చాలు. ఆ సాధనకు కరెంటు బిల్లు రాలేదు. కానీ ఆ అవ్వకే జబ్బు చేసి మాట తడబడితే మనం చేసేదేమిటి? ఆమెతో మాట్లాడటం మానేసి, ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకుంటాం. పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా కోడలినే అడుగుతారు, ‘‘తింటున్నదా?’’ అని.

ఇంటివాళ్లకే కసరత్తులు నేర్పితే సరిపోదా అనే ప్రశ్న వస్తుంది. నాకూ ఒకప్పుడు అదే సరైన దారి అనిపించింది. మన దేశంలోనే, 14 ఆస్పత్రుల్లో, 1,250 మంది మీద దీన్ని నిజాయితీగా పరీక్షించారు. అటెండ్ అనే ఆ పరిశోధన 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నెలల నాటికి చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతం. కుటుంబానికి నేర్పినందువల్ల అదనంగా ఒరిగింది లేదు. ప్రేమ ఉండొచ్చు, ఓపికా ఉండొచ్చు, కానీ నాట్లప్పుడు కోడలు పొలంలో ఉంటుంది, కొడుకు సూరత్‌లోనో భివండీలోనో ఉంటాడు. థెరపిస్టు చేయాల్సిన పనిని ఇంటి ఆడవాళ్ల నెత్తిన పెట్టి ‘సామాజిక పునరావాసం’ అని పేరు పెట్టే విధానకర్తలు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి.

ఎప్పుడు చేయించాలనేది కూడా తేలుతోంది. 2021లో 72 మందిపై జరిగిన ఒక అమెరికా పరిశోధనలో 20 గంటల అదనపు సాధన ఇచ్చి చూశారు. జబ్బు చేసిన రెండు మూడు నెలల నడుమ ఇచ్చినప్పుడు ఫలితం అన్నిటికన్నా మెరుగ్గా ఉంది, మొదటి నెలలో కొంత తక్కువ. ఆరు నెలలు దాటాక ఇచ్చిన అదనపు సాధనకు ఫలితం కనిపించలేదు. తలుపు ఆరో నెలకల్లా మూసుకుపోతుందని కాదు, వేగస్ నాడి ప్రయోగంలో ఏళ్లు గడిచినవాళ్లూ మెరుగయ్యారు. కానీ ఇరుకవుతుంది.

సిద్దిపేటలో 2018లో, కరీంనగర్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రేపో మాపో వాటిలో టీఎంఎస్ యంత్రానికి రిబ్బను కత్తిరించే ఫొటో పత్రికల్లో వస్తుంది, రావద్దని కోరను. హుస్నాబాద్ నుంచి ఈ రెండింట ఏ ఊరికి పోవాలన్నా రాకపోకలకు ఒక పూట గడిచిపోతుంది. నడవలేని మనిషిని వారానికి మూడుసార్లు ఆటోలో ఎక్కించి దించే కొడుకు ఎన్ని వారాలు కూలి పోగొట్టుకుంటాడు? యంత్రం ధరలో కొంత పెట్టి, మండలానికో ఫిజియోథెరపిస్టును బండిచ్చి ఇళ్లకు పంపితే, కదలికలు లెక్కపెట్టించి రాయిస్తే, ఆ మొదటి మూడు నెలలు దక్కుతాయి.

ఇప్పటి ఏర్పాటు ఇందుకు తలకిందులుగా ఉంది. వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు, మంచిదే. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి, కనీసం 40 శాతం వైకల్యం తేలాలి. నరాల జబ్బులో వైకల్యాన్ని మామూలుగా ఆరు నెలలు గడిచాకే కొలవాలన్నది నిబంధన. ఆ పత్రం కోసం పెట్టే శిబిరంలో వరుస కదిలి వంతు వచ్చాక, డాక్టరు ఆ చెయ్యి పైకి లేపమంటారు. చాలామందిని సర్కారు తరఫున ఆ మాట అడగడం అదే మొదటిసారి.