కొండెక్కే రోజు కెమెరా సంచి



ఎండలు ముదరకముందే కొండవీడు చూసి రావాలని మన సంఘాల్లోని యౌవనస్థులు, కుటుంబాలు బయలుదేరుతుంటారు. ఇప్పుడు ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరి దగ్గర మంచి కెమెరా ఉంటోంది. దానికి సంచి ఎలాంటిది కొనాలో దుకాణంలో అడుగుతారు గాని నర్సులను ఎవరడుగుతారు! అయినా మోసేది భుజాలు, నడుము కాబట్టి మేమూ ఒక మాట చెబుతాము. సంచి ముందు మనిషికి సరిపోవాలి, కెమెరా సంగతి ఆ తరువాత.

కెమెరా సంచులని అమ్మేవాటిలో చాలావాటికి లోపలంతా స్పాంజి గదులే. రెండు లెన్సులకు, ఫ్లాషుకు, చార్జరుకు చోటుంటుంది. నీళ్లకు మాత్రం పక్కన ఒక చిన్న వల జేబు. కొన్ని ఖాళీగానే 2 కిలోలు తూగుతాయి. బడిపిల్లల సంచి పిల్లల బరువులో 10 శాతం మించరాదని 2020లో కేంద్రం విధానం చేసింది. పెద్దలు ఇంకొంత మోయగలరు గాని, కొండ అలవాటు లేనివారికి ఆ లెక్కే క్షేమం. 60 కిలోల మనిషికి 6 కిలోలన్నమాట. నీళ్లు 3 లీటర్లంటే 3 కిలోలు. కెమెరా, దానితో వచ్చే లెన్సు కలిపి సుమారు కిలో. అన్నం డబ్బా, తువ్వాలు అరకిలో. దీనికి 2 కిలోల సంచి కలిస్తే లెక్క దాటిపోయింది. అప్పుడు మనవాళ్లు ఇంట్లో వదిలేది ట్రైపాడ్‌ను కాదు, నీళ్ల సీసాను. మా భయమంతా అదే.

రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని కొండవీడుకు మార్చింది శత్రువు ఎక్కలేడనే కదా. (1515లో శ్రీకృష్ణదేవరాయలు ఎక్కనే ఎక్కాడు, అది వేరే సంగతి.) ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉన్నా, బురుజులు, గోడలు చూడాలంటే రాళ్లమీద నడవాల్సిందే. పైన చెరువులున్నాయి గదా అని నీళ్లు తగ్గించకండి, ఆ నీళ్లు తాగరాదు. ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు వెంట ఉంచుకుని, అవసరమైతే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపండి.

మా సలహా ఇది. నడుం బెల్టు, ఛాతీ పట్టీ ఉన్న మామూలు 20, 25 లీటర్ల వీపు సంచి కొనండి. కెమెరాకు విడిగా ఒక స్పాంజి పౌచ్ చాలు. గుంటూరు యార్డులో 40 కిలోల మిర్చి టిక్కీ మోసే ముఠా కూలీని చూడండి, బరువును వీపుకు ఆనించి మోస్తాడు. మీరూ నీళ్లు, కెమెరా వీపుకు దగ్గరగా సర్దండి. బరువంతా సన్నని పట్టీలమీద పడితే భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, ఒక్కొక్కప్పుడు పట్టు కూడా తగ్గుతుంది. నడుం బెల్టు బిగిస్తే సగానికి పైగా భారం తుంటి ఎముకలు మోస్తాయి. ఒంటి భుజానికి వేసుకునే సంచి పెళ్లి ఫోటోలకు బాగుంటుంది గాని, రాయి ఎక్కేటప్పుడు ముందుకు జారి మనిషిని పక్కకు లాగుతుంది. కొండమీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఆడపిల్లలు అన్న సంచినో తమ్ముడి సంచినో తీసుకెళ్లకండి. వీపు పొడవు తక్కువైతే బెల్టు తుంటిమీద కాక తొడలమీదికి దిగుతుంది. దుకాణంలోనే లోపల 5 కిలోల బరువు పెట్టించుకుని పది నిమిషాలు నడిచి చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

షుగరు మందులు వాడేవారు గ్లూకోజు లేదా పంచదార పొట్లం బెల్టు జేబులోనే పెట్టుకోవాలి. కళ్లు తిరిగేటప్పుడు లెన్సుల కింద వెదకడం కుదరదు. కోతులున్న కొండ అయితే తినేవి జిప్పు వేసి లోపల పెట్టండి.

దారిలో కల్లాల దగ్గర ఆగి ఎర్రని మిరపకాయల ఫోటోలు తీయనివారు ఉండరు. అక్కడ సంచి నేలమీద పెట్టకండి. ఆ ఘాటు దుమ్ము జిప్పుల్లో, పట్టీల్లో చేరి, చెమట తుడుచుకునే చేతితో కంట్లోకి వెళుతుంది. ఇంటికి రాగానే కెమెరా తీసి, సంచిని బయట దులిపి, పట్టీలను తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఆ చేతులను సబ్బుతో కడిగాకే పిల్లలను ఎత్తుకోండి.