పొగను పట్టే చేతులు కావాలి

రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఏళ్ల తరబడి తవ్వి, 12,262 మీటర్ల దగ్గర చేతులెత్తేశారు. మనిషి నేలలోకి దింపిన బావుల్లో అంత లోతైనవి అరుదు. అయినా అది భూమి పైపొర కింద ఉండే మాంటిల్‌ను తాకనే లేదు. మనం దిగలేని ఆ లోతుల నుంచి వాయువులు మాత్రం వాటంతట అవే పైకొస్తున్నాయి. వాటిని పట్టి, కొలిచి, లోపలి సంగతి తేల్చే విద్యలోకి మిమ్మల్ని పిలుస్తున్నాను.

అగ్నిపర్వతాల పొగ కొలిస్తే ఎవరికి లాభమని ఇంట్లో అడుగుతారు. 1991 మే 13న ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం రోజుకు 500 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదులుతోంది. 28 నాటికి అది 5,000 దాటింది. గోళీసోడాలో గ్యాసులాగే, మాగ్మాలో అంటే కరిగిన శిలలో కరిగి ఉన్న వాయువు, పైఒత్తిడి తగ్గేకొద్దీ బయటపడుతుంది. అంటే మాగ్మా పైకెక్కుతోందన్నమాట. ఆ తర్వాత అంకె ఉన్నట్టుండి పడిపోయింది. శాస్త్రవేత్తలు ఊపిరి పీల్చుకోలేదు, దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని అనుమానించారు. భూప్రకంపనలూ ఆ అనుమానాన్ని బలపరిచాయి. ఊళ్లు ఖాళీ చేయించారు. జూన్ 15న కొండ పేలింది. ఆ హెచ్చరికలు కనీసం 5,000 ప్రాణాలు నిలబెట్టాయని అంచనా. ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పండి.

పని ఎలా ఉంటుందంటారా? న్యూజిలాండ్‌లో పనిచేసిన వెర్నర్ గిగెన్‌బాఖ్ పేరు మీద ఒక గాజుబుడ్డి ఉంది. లోపల గాలి తీసేసి కాస్టిక్ సోడా ద్రావణం పోస్తారు. గంధకం పచ్చగా పేరుకున్న రంధ్రంలోకి గొట్టం దించి, బుడ్డి బిరడా మెల్లగా తిప్పుతారు. బుడబుడమంటూ ఆవిరి దిగుతుంది. బుడ్డి వేడెక్కుతుంటే చల్లబరుస్తూ ఉండాలి. కార్బన్ డయాక్సైడ్, గంధక వాయువులు ద్రావణంలో కలిసిపోతాయి. కలవని నైట్రోజన్, ఆర్గాన్, హీలియం పైనున్న ఖాళీలో మిగులుతాయి.

ఆ హీలియమే అసలు సాక్షి. హీలియం-4 యురేనియం, థోరియం క్షయమవుతుంటే నిత్యం పుడుతూనే ఉంటుంది. హీలియం-3 చాలావరకు భూమి పుట్టినప్పుడు చిక్కుకున్నది. గాలిలో హీలియం-3, హీలియం-4ల నిష్పత్తితో పోలిస్తే, సముద్రగర్భ పర్వతశ్రేణుల శిలల్లో అది ఎనిమిది రెట్లు. హవాయి, ఐస్‌లాండ్ శిలలు కొన్నింటిలో 30 రెట్లు పైనే. అంటే 450 కోట్ల ఏళ్ల నాటి సరుకు మాంటిల్‌లో ఇంకా మిగిలే ఉంది!

ఈ వాయువు తొలి జాడ దొరికిన గ్రహణాన్ని మన కోస్తాలోనూ చూశారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ సూర్యజ్వాలల వర్ణపటాన్ని చూశారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత హీలియానిదని తర్వాత తేలింది. అంతకంటే దగ్గరి సంగతి ఇంకొకటుంది. వికారాబాద్, ఆదిలాబాద్ నల్లరాయి, రాజమండ్రి దగ్గరి నల్లరాయి దక్కన్ లావావే. ఆ విస్ఫోటనాల తొలినాళ్ల రాజస్థాన్ శిలల్లో గాలిలో కంటే దాదాపు 14 రెట్ల హీలియం నిష్పత్తి దొరికిందని 1993లో ప్రకటించారు. లోతైన మాంటిల్ నుంచి లేచిన వేడి ప్రవాహమే దక్కన్‌కు మూలమనే వాదానికి అది బలం. వాదం మాత్రం ముగియలేదు. ముగించే కొలతలు మీరే తీయాలి.

ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. 1993 జనవరి 14న కొలంబియాలోని గలేరాస్ అగ్నిపర్వతం పేలడంతో ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు చనిపోయారు. వాయు నమూనాలు తీస్తున్న రష్యన్ శాస్త్రవేత్త ఇగోర్ మెన్యాయ్‌లోవ్ వారిలో ఒకరు. ఇప్పుడు డ్రోన్లు, ఉపగ్రహాలు చాలా పని చేసిపెడుతున్నాయి. ధైర్యం కంటే క్రమశిక్షణ ముఖ్యమని మొదటిరోజే నేర్చుకోండి.

అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం మన దేశపు క్రియాశీల అగ్నిపర్వతం. 1991లో మళ్లీ నిద్రలేచింది. దాని పొగ మన చేతుల్లో ఉండాలి. డిగ్రీలో జియాలజీతో పాటు కెమిస్ట్రీ పట్టుకోండి, లెక్కలు వదలకండి. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియాలజీ ఉంది. ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. డిగ్రీ చివరికొచ్చాక గేట్‌కు కూర్చోండి.