సన్మానాలు సరే.. సాధన మాటేమిటి?

కొల్లేటి సీమలో చిన్నారి రచయితలకు ఏడాది పొడవునా అండ అవసరం

ఏలూరు: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14న బాలల దినోత్సవం, ఆ రోజు నుంచి 20వ తేదీ వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా ఈ మూడు సందర్భాల్లోనే పాఠశాల విద్యార్థుల రచనాశక్తి అందరికీ గుర్తుకు వస్తుంది. వ్యాసరచన, కథారచన, కవితా పఠన పోటీలు జరుగుతాయి. విజేతలకు జ్ఞాపికలు, ప్రశంసాపత్రాలు అందుతాయి. సహకరించిన దాతలకు శాలువాలు కప్పుతారు. మరునాటి నుంచి ఆ పిల్లలు ఏం చదువుతున్నారో, ఏం రాస్తున్నారో పట్టించుకునే నాథుడు ఉండడు. బహుమతి తెచ్చిన కథ ఎక్కడా అచ్చు కాదు. రాసిన కాగితం పోటీ నిర్వాహకుల అలమరలోనే ఉండిపోతుంది.

యువజన స్వచ్ఛంద సంస్థలు, ఉపాధ్యాయులు, దాతలు చేస్తున్న కృషిని తక్కువ చేయనవసరం లేదు. కొత్తగూడెంలో 1990వ దశకంలో మొదలైన బాలోత్సవ్, ఆ తరవాత విజయవాడలో ఆరంభమైన అమరావతి బాలోత్సవం వేలాది మంది పిల్లలను వేదిక ఎక్కించాయి. పిల్లలకు గుర్తింపు లభించడం మంచిదే. అయితే ఒక పూట గుర్తింపు రచయితను తయారు చేయలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల పాఠశాలల్లోను, వాటి నడుమ విస్తరించిన కొల్లేటి లంక గ్రామాల్లోను ఇప్పుడు చర్చకు రావలసిన అంశం ఇదే.

కొల్లేటి కథ రాసినదెవరు?

ఆంధ్ర దేశంలో కొల్లేరు గురించి వెలువడినన్ని కాగితాలు మరే జలాశయం గురించీ వెలువడి ఉండవు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2005-06లో చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో కాంటూరును మూడుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తరవాత అజీజ్ కమిటీ అధ్యయనం చేసి ఐదో కాంటూరునే కొనసాగించాలని సూచించింది. న్యాయస్థానాల ఉత్తర్వులు, నిపుణుల నివేదికలు, ప్రభుత్వ జీవోలు గుట్టలుగా పేరుకున్నాయి.

వీటిలో కొల్లేటికోట, గుడివాకలంక, ప్రత్తికోళ్ల లంక, శృంగవరప్పాడు వంటి ఊళ్లలో పుట్టి పెరిగినవారి మాట మాత్రం బహుస్వల్పం. సరస్సు ప్రాంత జీవితాన్ని సాహిత్యంలోకి తెచ్చిన రచనలను వేళ్లపై లెక్కించవచ్చు. అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ 2014లో వెలువడినప్పుడు ఈ సీమ పాఠకులు దానిని తమ ఇంటి కథగా చదువుకున్నారు. ఆ తరవాతి తరం ఏం చూసింది, ఏం పోగొట్టుకుంది అన్నది ఇంకా రాయవలసే ఉంది.

రాయడానికి విషయం కొరత లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరద ఆపై కొల్లేటికే చేరింది. లంక గ్రామాల రోడ్లు మునిగాయి. రాకపోకలకు పడవలే దిక్కయ్యాయి. 2020 డిసెంబరులో ఏలూరు నగరంలో ఆరు వందల మందికి పైగా ఒక్కసారిగా మూర్ఛ, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రిపాలైనప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఆ రోజుల గురించి వైద్యులు చెప్పారు, శాస్త్రవేత్తలు చెప్పారు, నాయకులు చెప్పారు. పక్కింటి అబ్బాయి కళ్లెదుట పడిపోతే చూసిన పదేళ్ల పిల్ల ఏమనుకున్నదో ఎవరూ అడిగి రాయించలేదు.

మరో నష్టం మాటలది. కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయి వంటి చేపల పేర్లు, తాటి దోనెలు, కిక్కిస దుబ్బులు, గూడబాతులు, నత్తగుల్ల కొంగలు ఈ ప్రాంతపు పిల్లలకు పుట్టుకతో తెలిసిన పదసంపద. పాఠ్యపుస్తకంలో ఈ మాటలు కనిపించవు. పరీక్షలో వీటితో పని పడదు. సహజమైన చెరువు చేప తగ్గి పెంపకం చేప పెరిగినకొద్దీ పేర్లూ మరుగున పడుతున్నాయి. తాతను అడిగి మనుమరాలు రాసి ఉంచకపోతే ఒక తరం తరవాత వీటిని నిఘంటువుల్లో వెతుక్కోవలసి వస్తుంది.

పెద్ద రచయితల వెనుక చిన్న పత్రిక

పిల్లల రాతకు సంస్థ అండగా నిలిస్తే ఏమవుతుందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రికను ప్రారంభించారు. పిల్లలు రాసినవాటిని పిల్లల పేరుతోనే అచ్చువేయడం ఆ పత్రిక ప్రత్యేకత. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ ఆ ఏడాదే అందులో వెలువడింది. అప్పటికి ఆయన వయసు పద్నాలుగేళ్లు. నరసాపురంలో పుట్టిన బాపు బొమ్మలు కూడా ఆ పత్రికలోనే వెలుగుచూశాయి. ఆ ఇద్దరు బాలురు ఆ తరవాత తెలుగు సాహిత్యానికి, చిత్రకళకు, చలనచిత్రాలకు ఏమిచ్చారో ఈ జిల్లాల ప్రజలకు తెలుసు.

గురువు అండ కూడా అంతే విలువైనది. 1895లో భీమవరంలో జన్మించిన అడివి బాపిరాజు రాజమహేంద్రవరం కళాశాలలో చదువుతున్నప్పుడు ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనను, చిత్రకారుడు దామెర్ల రామారావును చేరదీశారు. బహుమతి ఇచ్చి పంపివేయలేదు. ఏళ్ల తరబడి వెంట ఉండి ప్రోత్సహించారు. బాల రచయితలకు కావలసిన భాగస్వామి అటువంటివాడు.

అచ్చయితేనే ఆసక్తి

ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి ‘ప్రకృతి బడి’ నుంచి 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. కరవు సీమలోని పల్లె పిల్లలు తమ ఇళ్లలో విన్న కథలను, తాము కల్పించిన కథలను తమ యాసలోనే రాశారు. పత్రిక వాటిని బొమ్మలతో సహా ప్రచురించింది. నగరంలోని పెద్ద సంస్థ చేయని పనిని ఒక పల్లె బడి చేసి చూపింది. ఆ సీమకు సాధ్యమైనది డెల్టాకు సాధ్యం కాదనడానికి కారణం కనిపించదు.

సికింద్రాబాదు కేంద్రంగా గల ‘మంచి పుస్తకం’ సంస్థ తానాతో కలిసి బాలసాహిత్య పోటీలు నిర్వహించి పుస్తకాలు వెలువరించింది. పిల్లల కోసం పెద్దలు రాసే పుస్తకాలు ఈ విధంగా పెరగడం హర్షణీయం. పిల్లలే రాయడం మాత్రం వేరొక పని. దానికి వేరొక ఏర్పాటు కావాలి.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో రచయిత డేవ్ ఎగ్గర్స్, ఉపాధ్యాయిని నినివే కాలెగారి 2002లో ‘826 వాలెన్సియా’ అనే సంస్థను స్థాపించారు. బడి వదిలాక వచ్చిన ఒక్కో విద్యార్థి పక్కన ఒక్కో స్వచ్ఛంద కార్యకర్త కూర్చుని రాతలో సాయపడడం అక్కడి పద్ధతి. పిల్లల రచనలు చివరకు పుస్తకాలుగా అచ్చవుతాయి. ఆ వీధిలో దుకాణం ఉండి తీరాలని నిబంధన అడ్డురాగా సముద్రపు దొంగల సామగ్రి పేరిట ఒక సరదా దుకాణం తెరిచి, దాని వెనుక పిల్లలకు చోటు కల్పించారు. ఈ నమూనా ఆ దేశంలోని ఇతర నగరాలకూ పాకింది. అందులోని కిటుకు డబ్బులో లేదు. పిల్ల పక్కన కూర్చునే మనిషిలో, చేతికి అందే అచ్చు పుస్తకంలో ఉంది.

ప్రభుత్వ పథకాల సంగతి పరిశీలిస్తే లోటు ఎక్కడుందో తేలుతుంది. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్ల లోపువారికి. బాల సాహిత్య పురస్కారం పిల్లల కోసం రాసేవారికి. 2021లో ప్రారంభమైన ప్రధానమంత్రి యువ పథకం 30 ఏళ్ల లోపు రచయితలకు నెలకు 50 వేల రూపాయల చొప్పున ఆరు నెలలు ఉపకారవేతనం ఇచ్చేందుకు ఉద్దేశించినది. అప్పటికే కలం పట్టినవారికి ఇవి ఉపకరిస్తాయి. ఏడో తరగతిలో కలం పట్టబోయే పిల్లకు ఏడాది పొడవునా చేయూతనిచ్చే బాధ్యత వీటిలో దేనికీ లేదు. రాష్ట్రంలో 2020లో ‘చదవడం మాకిష్టం’ పేరిట పాఠశాలల్లో పఠనోద్యమం చేపట్టారు. చదవడం అలవాటైన చోట రాయడం తరవాతి మెట్టు. ఆ మెట్టు కట్టవలసి ఉంది.

గ్రంథాలయాలే గట్టి ఆధారం

ఈ సీమలో అందుకు పునాది ఎప్పుడో పడింది. భీమవరం సమీపంలోని కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయాన్ని నెలకొల్పారు. ఒక పల్లెటూరు తన చందాలతో, తన మనుషులతో పుస్తకాలను కాపాడుకోగలదని ఆ గ్రంథాలయం నిరూపించింది. గుంటూరు సీమలో పాతూరి నాగభూషణం 1935లో కాలువపై పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ గట్టు పల్లెలకు పుస్తకాలు పడవపై వెళ్లేవి. చుట్టూ నీళ్లున్న లంక గ్రామాలకు ఇంతకన్న దగ్గరి ఆదర్శం దొరకదు. నేడు పడవే కావాలని లేదు. చేపల వాహనాలు రోజూ తిరిగే దారిలో వారానికి ఒక పుస్తకాల పెట్టె తిరగలేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

నిధులకు చట్టబద్ధమైన మార్గం సైతం ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ సకాలంలో జరగడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. ప్రజలు చెల్లించిన పైసలు గ్రంథాలయానికి చేరితే, అందులో కొద్ది భాగంతో పిల్లల రచనల వార్షిక సంచికను ప్రతి శాఖా గ్రంథాలయం తీసుకురాగలదు. తమ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉంది.

భాగస్వాములు ఎవరు?

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. ఏలూరు వేరు జిల్లా అయింది. కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు రెండు జిల్లాల సరిహద్దుగా నలిగిన సరస్సు ప్రాంతానికి ఇది ఒక అవకాశం. అయితే సరిహద్దు గీత పిల్లల కార్యక్రమాలకు అడ్డుకారాదు.

వనరుల లెక్క తీస్తే కొరత మనుషులది కాదని అర్థమవుతుంది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పాటైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. సమీపంలోని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసి ఉంటుంది. యాభై మంది అందులో ఇరవై గంటల చొప్పున పిల్లల రాతకు కేటాయించినా వెయ్యి గంటలు సమకూరుతాయి. మొక్కలు నాటడం, ర్యాలీలు తీయడంతో పాటు ఒక లంక బడిలో నలుగురు పిల్లల పక్కన కూర్చోవడం కూడా సేవే.

కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యత నిబంధన 2014 నుంచి అమలులో ఉంది. పౌర గ్రంథాలయాల ఏర్పాటు, విద్య ఆ నిధులు వెచ్చించదగిన అంశాల జాబితాలో ఉన్నాయి. చేపలు, రొయ్యల వ్యాపారులలో, ధాన్యం మిల్లుల యజమానులలో అధికులు ఆ చట్టపు పరిధిలోకి రాకపోవచ్చు. దానధర్మాలకు చట్టంతో పని లేదు. పెద్దింట్లమ్మ జాతరకు చందాలిచ్చే చేతులు పిల్లల పుస్తకానికి కాగితం ఖర్చు భరించలేనివి కావు.

ఒకే దాతపై ఆధారపడడం మాత్రం ప్రమాదకరం. 2001లో ఏర్పాటైన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెల్లో తాగునీరు, వైద్యం, విద్య కార్యక్రమాలు విస్తృతంగా చేపట్టింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడ్డాక ఆ కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. పల్లెలు తామే నిలబెట్టుకునే పనులు మాత్రమే దాత పోయినా మిగులుతాయన్నది ఆనాటి పాఠం. ఉపాధ్యాయుడు, గ్రంథపాలకుడు, పొదుపు సంఘం, మత్స్యకార సహకార సంఘం, పూర్వ విద్యార్థులు తలా ఒక చేయి వేసినప్పుడే ఇటువంటి ప్రయత్నం పదేళ్లు నిలుస్తుంది.

గౌరవించే తీరు మారాలి

పోటీల తీరులోను సంస్కరణ అవసరం. ‘నీరు-చెట్టు-మనిషి’ వంటి విషయాలు ఇస్తే పిల్లలు గైడు పుస్తకంలోని వాక్యాలే రాస్తారు. ‘మా వీధిలో నీళ్లు వచ్చిన రోజు’ అని ఇస్తే ఎవరి కథ వారిదే అవుతుంది. పెద్దలు దిద్ది తిరగరాసిన కవితకు బహుమతి ఇవ్వడం వల్ల అసలు రాయగలిగిన పిల్ల నిరుత్సాహపడుతుంది. అక్షరదోషం సరిదిద్దవచ్చు, యాసను చెరిపివేయరాదు. బడిలో పాఠం ఏ మాధ్యమంలో సాగినా తొలి కథ ఇంటి మాటలో రావడమే సహజం. ఇంటి కష్టాలు రాసిన పిల్లల పేరు, ఫొటో ప్రకటించే ముందు తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి.

సభలో భాగస్వాములను సత్కరించే పద్ధతి కూడా పునరాలోచించదగినది. విరాళం మొత్తాన్ని బట్టి కుర్చీ వేసే ఆనవాయితీకి బదులు, పిల్లలతో గడిపిన గంటలను బట్టి గౌరవించాలి. ఆదివారం గ్రంథాలయం తలుపు తీసిన గ్రంథపాలకుడు, బడి అయ్యాక గంటసేపు ఆగిన ఉపాధ్యాయిని, పాత కథ చెప్పి రాయించిన ముసలి జాలరి ఆ వేదికపై ముందు వరుసలో ఉండదగినవారు.

రానున్న గ్రంథాలయ వారోత్సవాల నాటికి ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం గ్రంథాలయాలు తమ పరిధిలోని పిల్లల రచనలతో నలభై పేజీల పుస్తకమైనా తెచ్చి, దానిని అలమరలో ఇతర రచయితల సరసన నిలిపితే అది మంచి ఆరంభం. ఎన్ని శాలువాలు కప్పారన్న లెక్క కంటే, ఆ పుస్తకాన్ని ఎంతమంది ఇంటికి తీసుకుపోయి చదివారన్న గ్రంథాలయ రిజిస్టరు లెక్కే ఈ కృషికి సరైన కొలమానం కాగలదు.