ధాత్రీచ్ఛాయలో ఎవరి పంక్తి?





భాగ్యనగరమునకు ఈశాన్యమున, కుషాయిగూడ దాటి కీసరకు పోవు మార్గమున ఉన్న ఒక కాలనీ దేవాలయమున నేను అర్చకుడను. కార్తికమాసము ప్రవేశించినది మొదలు తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇచ్చట సందడి ఆరంభమగును. ఆఫీసులకు, స్కూలు బస్సులకు పరుగులు మొదలగుటకు ముందే ఇల్లాండ్రు ఉసిరికాయపై వత్తి వెలిగించి, కార్తిక పురాణమున ఆనాటి అధ్యాయము విని వెళ్ళుదురు. ఆదివారము తీరు వేరు. ఆనాడు కుటుంబములన్నియు ఇల్లు విడిచి బయలుదేరును. కీసరగుట్టకో, యాదగిరిగుట్టకో, చిలుకూరునకో, పిల్లల పట్టుదల నెగ్గినచో జూపార్కునకో పోవుదురు. ఈ మాసమున మాత్రము వనభోజనమునకే ప్రాధాన్యము.

గత ఆదివారము ప్రాతఃకాలమున ఏడేండ్ల బాలుడొకడు తీర్థము పుచ్చుకొనుచు నన్ను అడిగినాడు: "అయ్యగారూ, మనవాళ్ళు అంటే ఎవరు?"

ఎందుకురా అన్నాను. పక్కింటి స్నేహితుని కూడ వనభోజనమునకు తీసుకొనిపోదామని వాడు అడిగినాడట. "అది మనవాళ్ళ భోజనాలు నాన్నా, వాడు రాకూడదు" అని తండ్రి చెప్పినాడట. ఆ పిల్లలిద్దరు ఒకే ఆటోలో బడికి పోవుదురు, సాయంకాలము మా గుడి అరుగుమీదనే ఆడుకొందురు. తండ్రి పక్కనే నిలిచి ఫోను చూచుకొనుచున్నాడు. నేను బాలుని చేతిలో అరటిపండు పెట్టి, "ముందు ప్రసాదం తిను" అన్నాను. పన్నెండేండ్లు గురుముఖమున కృష్ణయజుర్వేదము అధ్యయనము చేసినవాడు ఏడేండ్ల వాని ప్రశ్నకు ఒక పండు ఇచ్చి తప్పించుకొన్నాడు. ఆ బాకీ నన్ను వారము దినములుగా వేధించుచున్నది.

సెలవునాడు విహారములకు పోవు బదులు జపము చేసికొనరాదా అని కొందరు సాధకులు అందురు. నేను అంగీకరింపను. వారమంతయు ఒకే కప్పు క్రింద ఉండియు ఒకరి ముఖము ఒకరు చూచుకొనని భార్యాభర్తలను, తాతతో పది మాటలు మాట్లాడని మనుమలను నేను నిత్యము చూచుచున్నాను. వారు ఒక్క పూట కలిసి తిరిగి, ఒక్క చోట కూర్చుండి తినుట గృహస్థధర్మమునకు విఘాతమెట్లగును? నా ఆక్షేపణ విహారముపై కాదు. ఆ విహారమునకు మనము కట్టుచున్న కంచెపై.

వనభోజనమునందలి విశేషము వనమే. గృహమునకు గడప ఉండును. లోపలివారెవరు, వెలుపలివారెవరు అను లెక్క గృహస్థునకు నిత్యము తప్పదు. సంవత్సరమున ఒక్కనాడు ఆ గడప దాటి, గోడలు లేని చోట, ఒక వృక్షమును దైవముగా అర్చించి, దాని నీడలో అన్నము తినవలెనని పెద్దలు ఏర్పరచినారు. అది వానప్రస్థమునకు ఒక దినపు రుచి అని నా గురువుగారు చెప్పెడివారు. అట్టి చోటికి సైతము గడపను భుజముపై మోసికొని పోయినచో ఇంటనే తినుట మేలు.

నేడు జరుగుచున్నది చూడుడు. కార్తికమున నాలుగైదు ఆదివారములు వచ్చును. ప్రతి ఆదివారము ఒక్కొక్క కులసంఘము ఒక్కొక్క తోటను, ఫామ్‌హౌసును మాట్లాడుకొనును. ద్వారమున ఫ్లెక్సీలు, లోపల వేదిక, మైకు. ఎన్నికలు సమీపించినచో నాయకుల ఉపన్యాసములు ముగియువరకు పసిపిల్లలకు సైతము అన్నము దొరకదు. ఒక పర్యాయము నన్ను ధాత్రీపూజకు పిలిచినారు. ఆ తోటలో ఉసిరిచెట్టు లేదు. నర్సరీనుండి తెచ్చిన కుండీమొక్కను వేదిక పక్కన నిలిపినారు. షోడశోపచారములు ముగించి హారతి ఇచ్చి నేను లేచితినో లేదో, బఫే వరుసకు అడ్డమని కేటరింగు కుర్రవాడు ధాత్రీదేవిని ఎత్తుకొనిపోయి చేతులు కడుగు చోట పెట్టినాడు. వానిని తప్పుపట్టను. ఆ మొక్క దేనికో వానికి ఎవరును చెప్పలేదు.

సంఘముల వలన మేలు లేదా అని అడుగుదురు. ఉన్నది. పేద విద్యార్థులకు ఫీజులు కట్టుచున్నారు, వసతిగృహములు నడుపుచున్నారు, వివాహసంబంధములు కుదుర్చుచున్నారు. అందులకు పదునొకండు మాసములు ఉన్నవి, నగరమంతట ఫంక్షన్ హాళ్ళు ఉన్నవి. ఉసిరిచెట్టు క్రిందనే ఆ సభ జరుగవలెనన్న నియమము నేను చదివిన ఏ గ్రంథమునను లేదు.

"బ్రాహ్మణులకు వనభోజనములు లేవా? మీరు పోలేదా?" అని మీలో కొందరు ఈపాటికి అనుకొనియుందురు. ఉన్నవి. నేనును పోయినాను. ఒకటి రెండు పర్యాయములు కాదు, అనేక సంవత్సరములు. ఆశీర్వచనము చదివి, శాలువా కప్పించుకొని వచ్చినాను. ఆ శాలువాలు మా ఇంట బీరువాలో ఇప్పటికిని ఉన్నవి. కావున నేను వ్రాయుచున్నది మొదట నాకే తగులవలెను.

నన్ను మార్చినది శాస్త్రవిచారము కాదు. నా సహధర్మచారిణి పలికిన ఒక్క మాట.

సుమారు పదునైదు సంవత్సరముల క్రిందట మా కాలనీవారందరము కలిసి ఒక బస్సులో కీసరగుట్టకు వనభోజనమునకు పోయినాము. పులిహోర, కందాబచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు, పూర్ణపు బూరెలు అక్కడనే వండించినారు. అప్పటి మా వాచ్‌మన్ కుటుంబము పాలమూరునుండి వలస వచ్చినది. మేముండు భవనము కట్టునప్పుడు ఇటుక, రాయి మోసినవారు వారే. కట్టుట పూర్తియైన పిమ్మట అక్కడనే కాపలాకు నిలిచినారు. ఆనాడు వారి కుమార్తె, పదేండ్ల పిల్ల, ఉదయమునుండి బిందెలతో నీరు మోసినది.

పూజ ముగిసినది. నాకు స్వయంపాకము ఇచ్చినారు. నా ఆచారము ప్రకారము వేరొక చెట్టు క్రింద వండుకొని, ఒంటరిగా కూర్చుండి భుజించినాను. ఇంతవరకు నా నియమము నాది. అయితే, అయ్యగారు వేరుగా కూర్చున్నారు గనుక పంక్తులు కూడ వేరుగా ఉండవలెనని ఎవరికో తోచినది. పెద్దలకు ఒక పంక్తి, తక్కినవారికి ఒక పంక్తి, చిట్టచివర పనివారికి. నేను చూచినాను. చూచియు నోరు మెదపలేదు. చివరి పంక్తికి వచ్చుసరికి బూరెల గంగాళము ఖాళీ. ఆ పిల్ల విస్తరిలో పెరుగన్నము, ఊరగాయ మాత్రమే పడినవి.

తిరుగు బస్సులో మా ఆవిడ చాలసేపు కిటికీవైపు చూచుచు కూర్చున్నది. పిదప మెల్లగా, "ఏమండీ, మీ మడి మీ ఒంటిమీద ఉంటే చాలదూ? అందరి విస్తళ్ళ మీదకీ పాకించారేం?" అన్నది.

ఇంటికి చేరువరకు నేను మాటాడలేదు. చెప్పుటకు నాయొద్ద ఏమియు లేదు. ఆచారము నా నాలుకకు నేను వేసికొన్న కళ్ళెము. అది మరియొకరి ఆకలికి అడ్డుకట్ట అయినప్పుడు దానిని నిష్ఠ అని పిలుచుటకు నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి మనుస్మృతి తృతీయాధ్యాయము తెరచినాను. ఆ పేరు వినగానే కొందరికి ఆగ్రహము కలుగును. అందు నేటి మనస్సు అంగీకరింపని మాటలు లేవని నేను వాదింపను. అయితే గృహస్థుని భోజనక్రమము చెప్పు చోట ఆ గ్రంథము ఏమి విధించినదో వినుడు. కొత్తకోడండ్రు, కన్యలు, రోగులు, గర్భిణులు, వీరికి అతిథులకంటెను ముందుగా, ఆలోచింపకయే అన్నము పెట్టవలెను. విప్రులును, తనవారును, భృత్యులును భుజించిన తరువాత మిగిలినదానిని దంపతులు తినవలెను. భృత్యులు తినిన తరువాత యజమాని! చిన్ననాడు కంఠస్థము చేసిన మాటలే అవి. పదేండ్ల పిల్ల ఖాళీ గంగాళమువైపు చూచుచున్న క్షణమున ఒక్కటియు జ్ఞాపకము రాలేదు. మనుష్యయజ్ఞము, భూతయజ్ఞము అని నేను ఉపన్యసించు పంచమహాయజ్ఞములు ఆ దినమున ఎక్కడ నిలిచినవో నాకు తెలియును.

కీసరగుట్టకు పోవువారిని ఒకటి కోరెదను. రామలింగేశ్వరుని సేవించుకొందురు, హనుమంతుడు విసరినవని చెప్పు శివలింగములను ఆరుబయట చూతురు, పిల్లలచేత లెక్కపెట్టింతురు. మంచిదే. ఆ గుట్టపై విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడముల శిథిలములు కూడ బయల్పడినవి. అచ్చట ఒక రాతిబండపై 'తొలుచువాండ్రు' అను చిన్న లేఖనము ఉన్నది. రాతిని తొలుచువారు అని అర్థము. తెలంగాణమున దొరకిన మిక్కిలి ప్రాచీనమగు తెలుగు లేఖనములలో దానిని ఒకటిగా పరిశోధకులు పరిగణింతురు. బిరుదులు లేవు, గోత్రము లేదు. ఎన్నో పర్యాయములు ఆ గుట్ట ఎక్కిన నాకు ఆ మాట సంగతి తెలిసినది మాత్రము ఆ బస్సు ప్రయాణము జరిగిన చాలకాలమునకు. తెలిసిననాడు నాకు మొదట స్ఫురించినది బిందె మోసిన ఆ పిల్ల ముఖము.

ఆ మరుసటి సంవత్సరమునుండి మా కాలనీ వనభోజనమున ఒక మార్పు చేసినాము. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, ఆనాడు పని చేసినవారు, బస్సు డ్రైవరు — వీరందరు మొదటి పంక్తి. నెయ్యి నేను వడ్డింతును. వారు లేచిన పిమ్మటనే నా పొయ్యివద్దకు పోవుదును. ఇప్పటికిని వేరుగానే వండుకొందును. ఈ వయస్సున ఆ నియమము విడువలేను, విడువుమని ఎవరును అడుగలేదు. నా వంట చల్లారును, అంతే. మొదటి ఏడు ఇద్దరు పెద్దమనుష్యులు అలిగి తినకుండనే వెళ్ళినారు. వారిలో ఒకరు మరుసటి ఏడు వచ్చి పెరుగు బకెట్టు పట్టుకొన్నారు. రెండవవారు ఇప్పటికిని రారు.

ఈ ఏడు మా బస్సు సగము ఖాళీగా పోయినది. అదే ఆదివారమున మూడు సంఘముల వనభోజనములు పడినవి. ఎవరివారు అటు పోయినారు. ఆ బాలుడును పోయినాడు. సాయంకాలము దీపారాధన వేళ చేతిలో ఒక గాలిబుడగతో వచ్చి గుడి మెట్లమీద కూర్చున్నాడు. వాని స్నేహితుడు మాతో కీసరకు వచ్చి, గుట్ట దిగుచు ఏరుకొన్న గులకరాళ్ళు జేబునిండ తెచ్చినాడు. ఇద్దరు కొంతసేపు బేరమాడుకొని బుడగకు రాళ్ళు మార్చుకొన్నారు.

ఇంక ఆ ప్రశ్న. మనవాళ్ళు అంటే ఎవరు? నాయనా, నీ పక్కన కూర్చుండి అన్నము తిన్నవాడు, నీకంటె ముందు తినవలసినవాడు. ఈ మాట నేను గుడిలోనే, నీ తండ్రి వినుచుండగా చెప్పవలసియుండెను. ఈ దినము ఉదయము ఆయన ఒంటరిగా వచ్చినప్పుడు చెప్పినాను. ఆయన కోపగించలేదు. "సంఘంలో డబ్బు కట్టేశానండీ, వెళ్ళకపోతే బాగుండదు" అన్నాడు. ఆ ఇబ్బంది నాకు అర్థము కాకపోలేదు. నా శాలువాల సంగతి ఆయనకు చెప్పినాను.

కార్తికమున ఇంకొక ఆదివారము మిగిలియున్నది. ఖాళీ సీట్లు చూచి మనస్సొప్పక ఆ నాటికి మరల ఒక బస్సు మాట్లాడినాము. టికెట్టు లేదు, ఇంటికొక వంటకము తేవలెను, విస్తరాకులు దేవాలయము ఇచ్చును. ఉదయము ఏడున్నరకు గుడి ముందునుండి బయలుదేరును. ఆయన పేరు ఇవ్వలేదు గాని, ఎన్ని గంటలకని రెండు పర్యాయములు అడిగినాడు. ఒక్క సంగతి ముందే చెప్పుచున్నాను, తరువాత నన్ను నిందింపకుడు. ఆదివారము ధాత్రీఫలము తినరాదని పెద్దల నిషేధము గనుక, ఉసిరిచెట్టు క్రిందనే కూర్చుందుము గాని ఉసిరికాయ పచ్చడి మాత్రము ఉండదు.