పదిహేనేళ్ల ఫైలు ఎవరు చూడాలి?

జన్యువులను మార్చిన కణాలతో చేసే వైద్యం మన దేశానికి వచ్చేసింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకు (రోగి టి కణాల్లో జన్యువు చేర్చి తిరిగి ఎక్కించే రక్త క్యాన్సర్ వైద్యం) 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. హీమోఫిలియా ఎ రోగులు అయిదుగురికి చేసిన జన్యు చికిత్స ఫలితాలను వెల్లూరు సీఎంసీ 2024లో ప్రకటించింది. రెండింటిలోనూ కొత్త జన్యువును కణంలోకి చేర్చే వాహకం లెంటివైరస్, అంటే రెట్రోవైరస్ కుటుంబానిదే. పెద్ద జబ్బు చేస్తే ఖరగ్‌పూర్ నుంచి వెల్లూరికో ముంబైకో బండెక్కే తెలుగు రైల్వే కుటుంబాలకు ఇది మంచి కబురు. అయితే చికిత్స అయ్యాక ఆ రోగిని ఏళ్ల తరబడి ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. చిట్టెలుకల లుకేమియా చరిత్ర చూస్తే ఇది ఎందుకంత అవసరమో తెలుస్తుంది.

లుకేమియా వచ్చిన ఎలుకల కణజాలం నుంచి కణాలు తీసేసిన ద్రవాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, నెలలు గడిచాక వాటికీ ఆ జబ్బు వస్తుందని 1951లో లుడ్విక్ గ్రాస్ చూపించారు. ఆ ద్రవంలో ఉన్నది రెట్రోవైరస్. అది తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని క్రోమోజోములో ఎక్కడో ఒకచోట చేరిపోతుంది. దాని రెండు చివర్లలో జన్యువులను నడిపించే బలమైన స్విచ్‌లుంటాయి. కణం పెరుగుదలను శాసించే జన్యువు పక్కన పడిందంటే, ఆగాల్సిన చోట ఆ జన్యువు ఆగదు. లక్షల కణాల్లో ఒక్కదానికి అలా జరిగినా అది తక్కినవాటిని మించి పెరుగుతుంది. మరికొన్ని మార్పులు తోడయ్యాక జబ్బు బయటపడుతుంది. వేర్వేరు ఎలుకల క్యాన్సర్ కణాల్లో వైరస్ పదే పదే ఒకేచోట కనిపిస్తే, అక్కడ క్యాన్సర్‌కు కారణమయ్యే జన్యువు ఉందని అనుమానించాల్సిందే. 1988లో ఈవీఐ1 జన్యువు దొరికింది ఇలాగే.

ఎలుకకూ మనిషికీ పోలికేమిటని అడగవచ్చు. ఎలుక ఒంట్లో వైరస్ మళ్లీ మళ్లీ పుట్టి పాకుతుంది, వైద్యంలో వాడే వాహకం అలా పెరగలేదు. ఆ తేడా ప్రమాదాన్ని తగ్గించే మాట నిజమే, తుడిచేయదు. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన 20 మంది పిల్లలకు 1999 నుంచి పారిస్, లండన్‌లలో ఎలుక రెట్రోవైరస్ వాహకంతో చికిత్స చేశారు. వారిలో అయిదుగురికి తర్వాత లుకేమియా వచ్చింది, ఒక బిడ్డ చనిపోయాడు. ఆ అయిదుగురిలో ఎక్కువమందికి వాహకం కణం పెరుగుదలను శాసించే ఎల్‌ఎంఓ2 జన్యువు దగ్గర చేరింది. లెంటివైరస్ వాహకాలు అంతకన్నా భద్రమైనవే. అయినా అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే మెదడు జబ్బుకు వాటితో చికిత్స పొందిన 67 మంది పిల్లల్లో ఏడుగురికి రక్త క్యాన్సర్లు వచ్చాయని 2024లో వెల్లడైంది. ఆ వాహకంలో అమర్చిన స్విచ్ ఎలుక లుకేమియా వైరస్ నుంచి తీసుకున్నదే. ఏడుగురిలో ఎక్కువమందికి వాహకం చేరింది ఈవీఐ1 ఉన్న చోటే.

ఇవన్నీ రాస్తే జనం భయపడి వైద్యానికే దూరమవుతారన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. మందులకు లొంగని లుకేమియాతో ఉన్నవారికి రేపటి ప్రమాదం కన్నా ఇవాళ్టి ప్రాణం ముఖ్యం. కార్-టి చికిత్సల వల్ల టి కణాల క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరిక ముద్రించాలని 2024 జనవరిలో కోరిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా కీడు కన్నా మేలే ఎక్కువని చెప్పింది. కాబట్టి చికిత్స ఆపమనడం లేదు. ప్రమాదం అరుదు గనుక ఒక్క ఆసుపత్రి లెక్కల్లో కనబడదు, ఏళ్లు పడుతుంది గనుక ఇంటివాళ్లూ మరిచిపోతారు. క్రోమోజోములో చేరే వాహకాల విషయంలో 15 ఏళ్ల పరిశీలన ఉండాలని ఆ సంస్థే సూచిస్తోంది.

పదిహేనేళ్లలో రైల్వే కుటుంబం ఎన్ని ఊళ్లు మారుతుంది! ఖరగ్‌పూర్‌లో ఉండగా చికిత్స అయిన పిల్లవాడు చదువుకని విశాఖ వెళ్లవచ్చు, తండ్రి రిటైరై శ్రీకాకుళం చేరవచ్చు. అక్కడి డాక్టరు చూసే రక్తపరీక్ష రిపోర్టులో తెల్లకణాల లెక్క ఉంటుంది గానీ, ఏ వాహకం ఎప్పుడు ఎక్కించారో ఉండదు. రైల్వేకు దేశమంతటా సొంత ఆసుపత్రులున్నాయి, ఉద్యోగుల కుటుంబాలకు ఉమీద్ అనే వైద్య గుర్తింపు కార్డు ఉంది. ఆ కార్డుకు చెందిన వైద్య రికార్డులో వాహకం పేరు, చికిత్స తేదీ, ఏటా చేయాల్సిన పరీక్షలు చేర్చే ఏర్పాటు రైల్వే బోర్డు చేయాలి. రైల్వే బయటివారి బాధ్యతను ఐసీఎంఆర్ తీసుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి చికిత్స జరిగితే, డిశ్చార్జి సమ్మరీలో వాహకం పేరు అడిగి రాయించుకోండి, ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించండి.