తలుపు తీసేదెవరు? వేసేదెవరు?

ఒక దేశాన్ని ప్రాంతీయ ఆర్థిక కూటమిలో చేర్చుకోవాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు? కాగితం మీద జవాబు సులువే. లోపలున్న వాళ్లంతా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా దరఖాస్తు మూలన పడుతుంది. కానీ ఆ ఒప్పుకోలు దేన్ని చూసి వస్తుంది? దూరం పోనక్కర్లేదు, మన దేశానికి రెండు వాకిళ్ల దగ్గర జరిగింది చూస్తే చాలు.

మొదటిది అపెక్ అనే ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక. 1989లో 12 దేశాలతో మొదలైంది. భారత ప్రభుత్వం చేరతానని 1990లలోనే అడిగింది. 1997లో వాంకూవర్ సమావేశం రష్యా, వియత్నాం, పెరూలకు చోటిచ్చి, ఆ వెంటనే పదేళ్లపాటు కొత్తవాళ్లెవరూ రావద్దంది. గడువు తీరాక మళ్లీ వాయిదా వేసింది. సభ్యుల సంఖ్య 21 దగ్గరే ఆగిపోయింది. ఇండియాకు పసిఫిక్ తీరం లేదు కదా అంటారు. తీరం ఉన్న కొలంబియా కూడా బయటే నిలబడి ఉంది మరి!

రెండో వాకిలి కథ వేరు. ఆర్‌సెప్ ఒప్పందం కోసం 16 దేశాలు 2012 నుంచి బేరాలాడాయి. అపెక్‌లో మాట ఇస్తే కట్టుబడాలన్న నిర్బంధం లేదు. ఇక్కడ అలా కాదు, సుంకం తగ్గిస్తామని సంతకం పెడితే తగ్గించి తీరాలి. అసలు గొడవ పాల దగ్గర వచ్చింది. న్యూజిలాండ్ జనాభా అరకోటికి కాస్త ఎక్కువ. అక్కడ పితికిన పాలలో అత్యధిక భాగం పొడిగా, వెన్నగా విదేశాలకే పోతుంది. మన దగ్గర కూలీ ఇంట్లో గేదె ఒకటో రెండో ఉంటుంది. పని దొరకని రోజున ఉప్పూ పప్పూ ఆ పాల డబ్బుతోనే. చవక పాలపొడి ఓడల్లో దిగితే పాల కేంద్రం ధర కోసేది ఎవరికి? డెయిరీ యజమానికి కాదు.

2019 నవంబరు 4న రైతు సంఘాలు దేశమంతటా నిరసనకు దిగాయి. అదే రోజు బ్యాంకాక్‌లో ప్రధాని చేరబోమన్నారు. రైతుల వల్లే ఆగిందనుకోవడం మాత్రం సగం నిజం. చైనా సరుకుకు భయపడ్డ మన పరిశ్రమాధిపతులు కూడా వద్దనే అన్నారు.

2020 నవంబరు 15న మిగిలిన 15 దేశాలు సంతకాలు చేశాయి. 2022 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. కొత్తగా చేరాలంటే అప్పటినుంచి 18 నెలలు ఆగాలని రాసుకుని, ఇండియాకు మాత్రం ఆ ఆగడం అక్కర్లేదన్నారు. అడిగినప్పుడు తలుపేసినవాళ్లు కొందరు ఇక్కడా ఉన్నారు. కాదని లేచొస్తే పిలుపు పెట్టారు. 140 కోట్ల మంది కొనే సంత మీద ఎవరికి కన్నుండదు?

అయితే పిలుపు వేరు, షరతులు వేరు. మనం వెళ్తామన్నా ఏ సరుకు మీద ఎంత సుంకం తగ్గించాలో మళ్లీ బేరమాడాలి, లోపలున్న వాళ్లంతా సరేననాలి. మన వైపు నుంచి సరేననేది కేంద్ర మంత్రివర్గం. అందుకు పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా, సంతకానికి ముందు రాష్ట్రాల సమ్మతి తీసుకోవాలన్న నియమమూ లేదు.